రొట్టెను తిప్పిన చెయ్యి

బుఖారాలో ఓ మ్యూజియం ఫొటోగ్రాఫర్ నిన్న సాయంత్రం కాలవలో శవమై తేలాడు. కెమెరా లేదు. అయితే ఫొటోలు అప్పటికే నిఘా విభాగం హెడ్‌క్వార్టర్స్‌కి పంపేశాడు, పాపం.

"వాడు బొమ్మ ఒక్కటే తీసే రకం కాదు," అన్నాడు కర్నల్ తుర్సునోవ్. "ఫ్రేమూ, గోడా, నీడా, కింద అరా... ఉన్నదున్నట్టు తీసేవాడు. ఈ ఉదయం రెండు దేశాల మంత్రులు ఆ మ్యూజియంలోనే నీటి ఒప్పందం మీద సంతకాలు పెడతారు. వాళ్లకేమైనా అయితే సరిహద్దు భగ్గుమంటుంది. కొత్త ఫొటోగ్రాఫర్‌వి నువ్వే, ఎర్గాష్. అవే బొమ్మలు, అక్కడే నించుని తియ్యి. ఏది తేడాగా ఉందో పట్టుకో. లోపల నాఫిసా ఉంది."

నాఫిసా అక్కడ గైడ్. విదేశీ ముఠాలో దూరి మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్విందంటే కాపలావాళ్లు తుపాకులు మర్చిపోతారు. ఎర్గాష్ మాత్రం మనిషి కాదా ఏమిటి!

"గోడల్ని ఫొటోలు తీస్తారేంటి ఎర్గాష్ అకా? మీ ఆవిడ నవ్వదూ?" అంది నాఫిసా. అక్కడ మగవాళ్లని మర్యాదగా 'అకా' అంటారు, అన్నా అన్నట్టు.

"ఉంటే కదా నవ్వడానికి!"

చివరి గది. యుద్ధానికెళ్లిన కొడుకు తిరిగిరాని తల్లి బొమ్మ. కింద అరలో కాల్చిన మట్టితో చేసిన రొట్టె, లోపలంతా డొల్ల. ఆ దుఃఖానికి గుర్తుగా చిత్రకారుడు దాన్ని కావాలనే బోర్లా పెట్టించాడు. ఈ గడ్డ మీద రొట్టె బోర్లిస్తే తల్లులు వీపు విమానం మోత మోగిస్తారు. చూసినవాళ్లంతా తిట్టుకుంటూనే పోతారు. అయినా ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని ముట్టలేదు.

క్లిక్. ఎర్గాష్ తీసిన ఫొటో చూశాడు, నిన్నటిది చూశాడు. నిన్న రొట్టె బోర్లా ఉంది. ఇవాళ మొహం పైకుంది.

ఎవరో ఎత్తారు. లోపల ఏదో పెట్టారు. పరాయివాడైతే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేసేవాడు. ఇది ఇక్కడ పుట్టి పెరిగిన చెయ్యి, అలవాటుకొద్దీ తిప్పేసింది. ఈ గది తాళంచెవి నాఫిసా ఒక్కదాని దగ్గరే ఉంది.

బూట్ల చప్పుడు. మంత్రులు వచ్చేస్తున్నారు. నాఫిసా లిప్‌స్టిక్ తీసి, పెదాలకి పెట్టుకోకుండానే తలుపువైపు జరిగింది.

ఎర్గాష్ ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చి రొట్టె పక్కన నిలబెట్టాడు. "నించో, ఫొటో తీస్తా."

"వదలండి! పనుంది నాకు."

"అయితే నొక్కు. ఇద్దరం కలిసే పోదాం."

మంత్రులు గడప దాటారు. ఆమె బొటనవేలు లిప్‌స్టిక్ అడుగున బిగిసింది. ఎర్గాష్ ఆమె చెయ్యి వదల్లేదు. ప్రాణమంటే ఎవరికి తీపి కాదు? ఆమెకీ తీపేనని తేలింది. వేళ్లు సడలి, లిప్‌స్టిక్‌లా ఉన్న రిమోట్ నేలమీద పడింది.

బాంబుని జాగ్రత్తగా బయటికి మోసుకుపోయాక కర్నల్ నుదురు తుడుచుకున్నాడు.

"మూడేళ్లుగా నన్నే బురిడీ కొట్టించింది. నీకెలా దొరికిందయ్యా?"

"తప్పంతా వాళ్లమ్మది సార్. పిల్లని చక్కగా పెంచింది."