కొండను శుభ్రం చేసిన మనిషి

అతను లిఫ్ట్ మెకానిక్. పగలంతా జనం మెట్లెక్కకుండా చూడటమే అతని ఉద్యోగం. అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున్నే తనంతట తనే కొండెక్కడానికి బయల్దేరాడంటే, కారణం కొండ కాదని వేరే చెప్పనక్కర్లేదు.

కారణం ఒక భవనంలో ఆరో అంతస్తులో పనిచేస్తుంది. భూములు కొలిచే సర్వేయరు. నెల క్రితం అక్కడ లిఫ్ట్ బాగుచేసి చేతులు తుడుచుకుంటూ, మెట్లవైపు వెళ్తున్న ఆమెను పిలిచాడు.

"మేడమ్, లిఫ్ట్ బాగైపోయిందండీ."

"నా కాళ్లేం పాడవలేదండీ."

అంతే. రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్లిపోయింది. నాలుగు గంటల చెమటను ఒక్క ముక్కతో తీసిపారేసినందుకు అతనికి కోపం రావాలి. రాలేదు. పైగా, ఏ రోగమూ లేని ఆ లిఫ్ట్‌ను వారానికి రెండుసార్లు తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. మూడోవారం ఆమే ఆగి అడిగింది.

"ఇది మరీ ఇంత తరచుగా పాడవుతుందా?"

"పాడవకుండా ముందుజాగ్రత్తండీ. మీరేంటి, రోజూ మెట్లేనా?"

"ఆదివారాలు కొండ మీద పరిగెడతాం. ఇది దానికి ప్రాక్టీసు."

"నేనూ రన్నర్‌నే!" నోరు జారింది. మరీ అబద్ధమేం కాదు. పార్కు చుట్టూ నున్నటి బాట మీద రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడతాడు. కొండను మాత్రం ఎప్పుడూ కిటికీలోంచే చూశాడు.

"అయితే ఈ ఆదివారం రండి. ఆరింటికల్లా."

కొత్త టీషర్టు ఇస్త్రీ చేసుకోవడంలో ఆలస్యమై ఆరుంపావుకి చేరాడు. కొండ కింద మంచినీళ్ల బల్ల పక్కన నిలబడి ఆమె సూచనలు చెప్పడం ముగిస్తోంది. అతని చెవిన పడింది చివరి మాటే.

"ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా కొండ మీద మిగలకూడదు. ఈ ఒక్కటీ నాకోసం చేయండి."

నాకోసం! అంతకుముందు చెప్పిన సగం ఎవడిక్కావాలి?

కొండ అలవాటైన ఆరుగురు ముందు బ్యాచ్. ఇతను వాళ్లతోనే బయల్దేరాడు. అరగంట తర్వాత బయల్దేరే ఎనిమిదిమంది నిదానం బ్యాచ్‌లోంచి, మోకాలికి పట్టీ వేసుకున్న ఆమె తండ్రి చెయ్యి ఊపి మరీ సాగనంపారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

మొదటి ఎత్తులోనే ఆ ఆరుగురూ మాయమయ్యారు. పార్కు బాట మీద కాలు తన పని తాను చూసుకుంటుంది. ఇక్కడ ప్రతి అడుగుకీ కంటిని అడగాల్సి వస్తోంది. రాయి మీద వేస్తే రాయి దొర్లుతోంది, వేరు మీద వేస్తే చెప్పాపెట్టకుండా జారుతోంది. ఒకచోట నాలుగు కాళ్ల మీద పాకాడు. చూసేవాళ్లు లేరు కాబట్టి దాన్ని కూడా పరుగుకిందే లెక్కేసుకున్నాడు.

మొదటి మలుపులో ముళ్లపొదకి నారింజ రంగు ప్లాస్టిక్ రిబ్బన్ వేలాడుతూ కనిపించింది. విప్పి జేబులో వేసుకున్నాడు. రెండో మలుపులో ఇంకొకటి. "ఛీ, మనుషులకి బుద్ధి లేదు. ఎక్కడ మలుపుంటే అక్కడే పారేస్తారు!" అనుకున్నాడు. కాసేపటికి అతనికి ఇంకో సంగతి కూడా అర్థమైంది. చెత్త ఎటుంటే దారి అటే ఉంది. అది కూడా ఆ బుద్ధిలేని మనుషుల ఖాతాలోనే వేసుకుని, రిబ్బన్ వెంట రిబ్బన్ ఏరుకుంటూ కొండంతా చుట్టి దిగాడు. మొత్తం ముప్ఫై ఏడు.

మోచేయి గీసుకుపోయింది, టీషర్టు ఇస్త్రీ సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఛాతీ విరుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులో చెయ్యి పెట్టాడు కూడా. కానీ ఆమె అతన్ని చూడటం లేదు. కొండవైపు చూస్తోంది.

"వెనక బ్యాచ్‌లో ఒక్కరూ రాలేదు," అంది. "ఫోన్లు కలవట్లేదు. నాన్నగారికి ఆపరేషన్ తర్వాత ఇదే మొదటిసారి. దారి తప్పే సమస్యే లేదని అమ్మకి నేనే హామీ ఇచ్చాను. నిన్నంతా తిరిగి మలుపు మలుపుకీ రిబ్బన్ కట్టానే!"

అతను జేబులోని చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

నీళ్లు పోస్తున్న ముందు బ్యాచ్ పెద్దాయన, "కోతులు పీకేసుంటాయమ్మా," అన్నాడు.

"కోతులేనంటారా?" ఆమె ఇటు తిరిగి అతన్నే అడిగింది. "మీరేమంటారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను జేబు తడుముకున్నాడు. కోతులే అంటే సరిపోతుంది. కోతులొచ్చి కాదనవు. వచ్చే ఆదివారం మళ్లీ రావచ్చు, ఆ పై ఆదివారం కూడా. నిజం చెబితే ఇక ఆ భవనంలో లిఫ్ట్ నిజంగా పాడైనా వెళ్లే మొహం ఉండదు. కానీ పైన ఎక్కడో మాస్టారు పట్టీ వేసిన మోకాలితో, లేని గుర్తుల కోసం వెతుకుతున్నారు.

"కోతులు కాదండీ. నేను." గుప్పెడు రిబ్బన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "చెత్తనుకున్నాను."

పెద్దాయన నీళ్లు గ్లాసులో కాకుండా తన కాలిమీద పోసుకున్నాడు. ఆమె మాత్రం రిబ్బన్లు తీసుకుని సగం అతని చేతిలో పెట్టింది.

"ఏది ఎక్కడ తీశారో గుర్తుందా?"

"ప్రతిచోటా ఒక తిట్టు తిట్టానండీ. మర్చిపోను."

"పదండి."

పదవ రిబ్బన్ కట్టేసరికి అతను మళ్లీ నాలుగు కాళ్ల మీదికి వచ్చేశాడు. పద్నాలుగోది కడుతుంటే, పక్క దారిలోంచి మాటలు వినిపించాయి. అరుగులాంటి బండ మీద ఎనిమిదిమందీ వరసగా కూర్చుని ఉన్నారు.

"ఇటా అటా అని గంట వాదించుకుని, ఇక ఎవరో వస్తారులే అని కూర్చున్నాం," అన్నారు మాస్టారు. "ఎవడమ్మా గుర్తులు పీకింది?"

"నేనేనండీ," అన్నాడు అతను, కూతురు నోరు తెరవకముందే.

"ఎందుకు?"

"సగం పాఠం వినలేదండీ. ఆలస్యంగా వచ్చాను."

మాస్టారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "నా క్లాసులో అలాంటివాళ్లు బెంచీకి ముగ్గురుండేవారు. అడక్కముందే లేచి ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఏదీ, ఆ భుజం ఇటివ్వు. ఇంట్లో ఆవిడకి మాత్రం కోతులనే చెబుదాం."

దిగడం మొదలుపెట్టారు. మాస్టారి బరువంతా అతని భుజం మీదే ఉంది. అటుపక్కన ఆమె నడుస్తోంది.

"మీ జేబులోంచి రిబ్బన్ తోక వేలాడుతూనే ఉంది," అంది ఉన్నట్టుండి. "కోతుల సంగతి మిమ్మల్ని అడిగినప్పుడే చూశాను."

అతను ఆగిపోయాడు. "మరి తిట్టలేదేం?"

"మీరు చెబుతారో లేదో అని చూశాను. కోతులే అంటారేమోనని చాలా భయమేసింది."

"భయమెందుకు?"

ఆమె దారి మీద నుంచి చూపు తిప్పలేదు. "అలా అనేస్తే, మీ గురించి ఆలోచించడం మానేయాలి కదా. నాకు మానేయాలని లేదు."

 

మాస్టారు ఉన్నట్టుండి అతని భుజం మీద నుంచి చెయ్యి తీసేశారు. "మోకాలు ఇప్పుడు హాయిగా ఉంది," అని, కుంటుకుంటూ, రాళ్లు దొర్లించుకుంటూ, వాళ్లిద్దరికంటే ముందు నడవడం మొదలుపెట్టారు.