నువ్వుగింజ నానని నోరు

టీవీ ఛానెల్ సౌండ్ ఇంజినీరు లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు. కాలు జారిందని ఛానెల్ స్క్రోలింగ్ వేసింది. శవం మెడ వెనక సూది గుచ్చిన మచ్చను పోలీసు డాక్టరు ఒక్క ముంగిసకే చూపించాడు.

"కాలు జారితే మెడకి ఇంజెక్షన్ పడదు కదండీ" అన్నాడు.

పాముల వెంట పడే ఉద్యోగం కాబట్టి సీక్రెట్ సర్వీసులో ఆ ఏజెంటుకు ముంగిస అనే పేరు పడింది. అక్కణ్నుంచి అతను తిన్నగా చీఫ్ గదికి వెళ్లాడు. టేబుల్ మీద ఒక పత్రిక ఉంది. శత్రుదేశపు మిసైళ్ల గురించి మన సర్వీసు సంపాదించిన టాప్ సీక్రెట్ ఫైలు దాని మొదటి పేజీలో అచ్చయింది. లీక్ చేసింది ప్రతిపక్షమేనని ప్రభుత్వం అంటోంది, ప్రభుత్వమేనని ప్రతిపక్షం అంటోంది. పత్రిక వాళ్లు ప్రజల హక్కు అంటున్నారు.

"లీకు సంగతి తర్వాత" అన్నాడు చీఫ్. "వాళ్ల దేశంలో ఆ ఫైలు చూసింది ముగ్గురే. ఒక ఆఫీసరు, ఒక టైపిస్టు, ఒక దుబాసి. వాళ్లలో మనకి పంపిందెవరో అక్కడింకా తెలీదు."

ముంగిసకు తెలుసు. ఆ దుబాసి అతని సొంత తమ్ముడు.

"రేపు మీవాడు వాళ్ల డెలిగేషన్‌తో దేశం దాటుతున్నాడు. ఎయిర్‌పోర్టులో లాగేస్తాం. ఈ సాయంత్రం గట్టెక్కితే చాలు. కానీ సాయంత్రం ఆ ఇంజినీరు ఛానెల్లోనే యాంకర్ మైనా నడిపే డిబేట్‌లో మంత్రిగారు కూర్చుంటున్నారు. ఫైలు నకిలీదని ఆయన్ని రెచ్చగొడతారు. 'నకిలీ ఏంటి, మనవాడే అనువదించి పంపాడు' అని ఆయన నోరు జారితే..."

అనువాదం చేసేవాడు ముగ్గురిలో ఒక్కడే.

"మంత్రిగారికి చెప్పలేదా సార్?"

"చెప్పాను. 'నాకా చెబుతున్నావు?' అన్నారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదయ్యా."

"షో ఆపించేద్దాం."

"ఆపితే ఏదో దాస్తున్నామని పసిగట్టేస్తారు. ముగ్గుర్నీ లోపలేసి ఎముకలు విరుస్తారు. షో జరగాలి, ఆ మాట మాత్రం వినపడకూడదు."

చచ్చిపోయిన ఇంజినీరు స్థానంలోకి శత్రువుల ముఠా తమ మనిషిని పంపింది. అతను ఆ ఉదయమే సర్వీసుకు దొరికిపోయి, కోడ్‌వర్డ్ కక్కేశాడు. అతని ఐడీ కార్డు, అతని మీసం తగిలించుకుని ముంగిస స్టూడియోలో అడుగుపెట్టాడు.

ఎదురుగా మైనా. దేశమంతా చూసే యాంకర్. మన సర్వీసు దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ల దగ్గరా తీసుకుంటుంది. ఆమె నవ్వితే ఎంతటివాడైనా అడిగింది చెప్పేస్తాడు.

"గొడుగు తెచ్చావా?"

"తెచ్చాను. చినుకు పడనివ్వను."

ఆమె దగ్గరికి వచ్చింది. "మంత్రి నోరు విప్పగానే మిగతా ఏడుగురు పార్టీలవాళ్ల మైకులూ కట్ చెయ్. ప్రతి అక్షరం అక్కడికి క్లియర్‌గా వినపడాలి. ఎందుకూ అని పాతాయన అడిగాడు." ఆమె లిఫ్టు వైపు చూసింది. ముంగిస తలూపి సౌండ్ రూమ్ వైపు నడిచాడు.

అక్కడ ముఠా కాపలా పెట్టిన బూడిదరంగు కోటువాడు అతన్ని తడిమి చూశాడు. పిస్టల్ తీసుకున్నాడు. మత్తు గ్యాస్ చిమ్మే పెన్ను కూడా తీసుకున్నాడు. ఒక్క అక్షరం పోకుండా వినడానికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పిస్టల్ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ముంగిస చేతుల్లో ఇక సౌండ్ మిక్సర్ తప్ప ఏమీ మిగల్లేదు. చెమటకు మీసం ఊడేలా ఉంది. తమ్ముడికి ఈ గూఢచారి ఉద్యోగం ఇప్పించింది తనే.

డిబేట్ మొదలైంది. మైనా తేనె పూసిన కత్తి దూసింది.

"మంత్రిగారూ, ఆ ఫైలు మీ ఆఫీసులో వండిన వంటకమేనని జనం అనుకుంటున్నారు. నకిలీ కాగితాలతో దేశాన్ని భయపెడుతున్నారా?"

మంత్రి ముఖం ఎర్రబడింది. "నకిలీయా? ఎవడమ్మా అన్నది?"

"ఋజువుందా సార్?"

"ఉంది!" మంత్రి బల్ల గుద్దాడు.

కోటువాడు చూస్తుండగా ముంగిస ఏడు మైకులూ కట్ చేశాడు. తెర మీద ఏడుగురి పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. దేశమంతటా మంత్రి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "ఆ కాగితం ప్రాణాలకి తెగించి పంపారు. మనవాడే ఒకడు, అక్కడ కూర్చుని..."

ముంగిస దగ్గినట్టు వంగి టాక్‌బ్యాక్ బటన్ నొక్కాడు. ఏడుగురి చెవుల్లోని ఇయర్‌ఫోన్లలోనూ ఒకే మాట పడింది: "మంత్రిగారు మీ నాయకుణ్ణి దొంగ అన్నారు. మైకులు తెరిచాం, కానివ్వండి."

ఏడు మైకుల ఫేడర్లూ పైకి తోశాడు. కోటువాడి హెడ్‌ఫోన్ల వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు.

ఏడుగురూ ఒక్కసారి లేచారు. తాతల నాటి తగాదాలన్నీ తవ్వారు. మంత్రి గొంతు ఆ సంతలో కొట్టుకుపోయింది. కోటువాడు కేక పెట్టి రెండు చెవులూ పట్టుకున్నాడు. పిస్టల్ నేల మీద పడింది. ముంగిస స్టూలెత్తి ఒక్కటిచ్చాడు.

తెర మీద మైనా చేతులు జోడిస్తోంది. "దయచేసి ఒక్కొక్కరుగా మాట్లాడండి!" అన్నేళ్ల కెరీర్‌లో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ వినలేదు. చూస్తున్నవాళ్లకు అనుమానమూ రాలేదు, రోజూ చూసే డిబేటే. అడ్వర్టైజ్‌మెంట్ల టైమ్‌లో ఆమె మెట్ల దారిన పరుగెత్తింది. కింద చీఫ్ నిలబడి ఉన్నాడు.

మర్నాడు మనవాళ్ల చేతికి చేరిన తమ్ముడు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. ఆ గొంతు వినగానే ముంగిసకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అన్నయ్యా, నిన్న సాయంత్రం మమ్మల్ని ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మన టీవీ పెట్టారు. గుమ్మం దగ్గర తుపాకులు. మంత్రిగారు చెప్పింది చెప్పినట్టు నన్నే అనువదించమన్నారు. తప్పు చెబితే పట్టుకోవడానికి పక్కన ఇంకో దుబాసి!"

"మరి ఏం చేశావురా?"

"ఏం చేస్తాను? ఎనిమిదిమంది ఒకేసారి అరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పక్కవాడు కూడా చేతులెత్తేశాడు. మన టీవీవాళ్లకి బుద్ధి రాదా అన్నయ్యా?"

"రాకూడదనే కోరుకుందాంరా" అన్నాడు ముంగిస.