నాలుగో మరమేకు

దేవుడి చుట్టూ కుడివైపుగా తిరిగితే పుణ్యమంటారు. మరి తెలియక ఎడమవైపుగా తిరిగినవాడి మీద దేవుడు కోప్పడతాడా? ఈ సందేహం నాకు ముప్పై ఏళ్లుగా ఉంది. అడిగినప్పుడల్లా పెద్దలు నవ్వి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను గానీ, పిల్లలూ, సందేహం ఊరుకోలేదు.

వలయపురం అనే రాజ్యంలో మాత్రం అలాంటి సందేహానికి చోటే లేదు. అక్కడ దేన్నైనా ఎడమవైపుకు తిప్పడం నేరం. తిరగలి, గానుగ, కుమ్మరి సారె, అన్నీ కుడివైపే తిరగాలి. తాతల నాటి ఆ శాసనాన్ని రాతిపలక మీద చెక్కించి కోట వాకిట్లో నిలబెట్టారు.

అక్కడి రాజు ధర్మసేతుకు ఒక మాయావి ఆటపెట్టెను కానుకగా పంపాడు. చేటంత పెట్టె. పైన స్ఫటికపు పలక, పక్కన రెండు మీటలు. మీట నొక్కితే పలకలో చిటికెన వేలంత గుర్రం గోతులు దూకుతూ పరుగెత్తేది. యువరాణి మంజుల మూడు రోజులు తిండి మానేసి ఆడింది. నాలుగో రోజున ఆమె మనసు పెట్టెలోకి వెళ్లిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. వేళ్లు ఉత్త గాలిలో మీటలు నొక్కుతూనే ఉన్నాయి. పిలిస్తే పలుకు లేదు.

పెట్టె పక్కన ఒక రాత చెక్కి ఉంది: "పగలగొడితే లోపలి మనసూ పగులుతుంది. మరమేకులు విప్పి తెరవాలి. తొమ్మిది రోజులే గడువు."

కమ్మరి మౌనాచారిని పిలిపించారు. ఆయన పెట్టెను తిరగేసి చూసి, "మహారాజా, మరమేకు ఎడమకి తిప్పితేనే ఊడుద్ది" అన్నాడు. సభ అంతా చెవులు మూసుకుంది. తక్కిన పనివాళ్లు శాసనానికి భయపడి కుడివైపుకే బలం కొద్దీ తిప్పారు. మరమేకులు ఇంకా బిగిశాయి. వాటి తలల మీద ఉలి ఆనే గాట్లు అరిగిపోయాయి. లోపల ఏముందో తెలుసుకుందామని మౌనాచారి ఒక్కసారి మీట నొక్కాడు. అంతే, ఒక మనసు రుచి మరిగిన పెట్టె ఈసారి మూడు రోజులు ఆగలేదు, ఆయన కళ్లు కూడా అలాగే నిలిచిపోయాయి.

మౌనాచారికి ఒక్కతే కూతురు కాళమ్మ. పదహారేళ్ల పిల్ల. నాలుగు రోజులు తండ్రి నోటికి జావ అందిస్తూ కూర్చుంది. జావ పెదవుల మీంచే కారిపోయేది. అయిదో రోజు పొద్దున్నే లేచి రాజు ముందు నిలబడింది.

"తమ శాసనం తమ పొలిమేర దాకానే గదా మహారాజా. పెట్టె నాకియ్యండి. పొలిమేర దాటి విప్పుకొస్తా."

"పొలిమేర అవతలి అడవిలోకి పోయినవాళ్లు తిరిగి రాలేదమ్మా."

"ఇక్కడ కూర్చున్నా మా నాన్న తిరిగి రావట్లేదు గదండీ."

రాజు పెట్టె తెప్పించి ఆమె చేతికిచ్చాడు.

కాళమ్మ పనిముట్ల మూట నడుముకు కట్టుకుని, పెట్టెను నెత్తిన పెట్టుకుని నడిచింది. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. కాళ్లు తనవి కానట్టే ఉన్నాయి. పొలిమేర రాయి దాటిన చోట ఒక ముని గుడిసె కనబడింది. అక్కడే కూలబడి, మరమేకులు తిప్పే ఉలి తీసి మొదటిదాని మీద పెట్టింది. తుప్పు పట్టిన ఆ మరమేకు ఎంత తిప్పినా కదలలేదు.

"ఎవరే అది? ఊపిరి కూడా తీసుకోకుండా ఇనుముతో దెబ్బలాడుతున్నావ్?" అంటూ ముసలి ముని బయటికి వచ్చాడు.

కాళమ్మ దణ్ణం పెట్టి సంగతంతా చెప్పింది. "స్వామీ, ఎడమకి తిప్పితే పాపమా?" అని అడిగింది.

"నన్నడుగుతావేమిటమ్మా! నలభై ఏళ్ల నుంచి జపమాల కుడికే తిప్పుతున్నా. నాకూ ఇంకా సమాధానం రాలా. ఇదుగో, దీపంలో నూనె ఉంది, తుప్పు మీద రెండు చుక్కలు వెయ్యి. సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోకు. ముట్టుకున్నావో, మళ్లీ మొదటికొస్తుంది."

బలమైన పని చెప్పి ఉంటే కాళమ్మ చేసేది. ఊరకే కూర్చోవడమే ఆమెకు ప్రాణసంకటమైంది. తండ్రికి మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలాక ఉలి పట్టింది. తండ్రి నేర్పినట్టు ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత ఎడమకు తిప్పింది. మరమేకు కిర్రుమని మూలిగి ఊడి వచ్చింది.

మిగతావి లొంగకపోయేసరికి సాయం వెతుక్కుంటూ ముందుకు నడిచింది. మర్నాడు అడవి మధ్యలో పనసచెట్టు కింద స్థూలజంఘ అనే రాక్షసి దారికి అడ్డంగా పడుకుని ఉంది.

"ఆగవే! నిన్ను ఉడకబెట్టుకోవాలా, పచ్చిగానే తినాలా?"

"నీ ఇష్టం పెద్దమ్మా. ముందు ఈ పెట్టె విప్పనీ."

"ఏంటది, ఆటపెట్టా? ఇటియ్యి, నాకు పొద్దుపోక చస్తన్నా!"

కాళమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. పెట్టెను కడుపుకు అదుముకుంది. "ఆట సంగతికేం గానీ, నీకు బలముందా? ఉంటే ఈ ఉలి మీద చెయ్యేసి నొక్కు చూద్దాం."

"బలముందా అనా? కొండల్ని చదును చేసినదాన్నే నేను!"

రెండో మరమేకు తల పూర్తిగా అరిగి గిన్నెలా నున్నగా ఉంది. కాళమ్మ పనసబంక తీసి ఉలి మొనకు అద్ది, ఆ గుంటలో ఆనించింది. రాక్షసి అరచెయ్యి వేసి నొక్కింది. కింది నేల జానెడు దిగింది గానీ, పైన ఉలి జారలేదు. అలా నొక్కి ఉంచగానే కాళమ్మ మెల్లగా తిప్పింది. మరమేకు వచ్చేసింది.

"చూశావా!" అని రాక్షసి మురిసిపోయి, "అవునూ, నిన్ను తినాలి గదా?" అంది.

"తిను. అయిదు రోజులుగా నిద్ర లేని ఒళ్లు. రుచి సంగతి నేను చెప్పలేను."

రాక్షసి వంగి వాసన చూసి మొహం చిట్లించింది. "ఛీ! అంతా ఇనుము కంపు. పోవే పో."

ఎనిమిదో రోజుకు కాళమ్మ రాతిగుట్ట చేరింది. మూడో మరమేకును మాయావి లక్కతో అతికించాడు. లక్క కరగాలంటే నిప్పు కావాలి. వానకు తడిసిన అడవిలో నిప్పెక్కడిది? గుట్ట మీద ఎద్దంత తొండ ఒకటి తల ఊపుతూ కూర్చుని ఉంది. ఒకప్పుడు అది నిప్పులు కక్కేదట, కాళమ్మ దాన్నే నిప్పు అడిగింది.

"ఇప్పుడు నాతో కాదు పిల్లా. ముసలిదాన్నయ్యా. లోపల ఒక్క నిప్పుకణికే మిగిలింది" అంది తొండ.

"ఒక్కటి చాలు తాతమ్మా. నోరు తెరువు."

కమ్మరి ఇంటి పిల్లకు ఆరిన కొలిమి కొత్త కాదు. ఊదుగొట్టం తొండ నోట్లో పెట్టి, తన కళ్లు తిరిగేదాకా ఊదింది. కణిక రాజుకుని తొండ గొంతు ఎర్రబడింది. పెట్టెను దూరంగా ఉంచి, ఉలి మొనను మాత్రం ఆ మంటలో కాల్చి, మరమేకు తల మీద ఆనించి పట్టుకుంది. లక్క పొగలు కక్కుతూ కరిగింది. మూడోదీ ఊడింది.

అయినా మూత రాలేదు.

కాళమ్మ పెట్టె అడుగంతా వేళ్లతో తడిమింది. సరిగ్గా నడుమ వినాయకుడి బొమ్మ కాగితం అతికించి ఉంది. దాని కింద చిన్న గుంట తగిలింది. నాలుగో మరమేకు! భక్తిగల రాజ్యంలో ఆ బొమ్మ మీద ఎవడూ గోరు పెట్టడని మాయావికి తెలుసు.

"చించెయ్యి" అంది తొండ.

"నావల్ల కాదు."

"మరి మీ నాన్న?"

కాళమ్మ పెట్టె మీద తల ఆనించి ఏడ్చింది. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. కొంతసేపటికి, "స్వామీ, వాడు నిన్ను కూడా కట్టేశాడు గదయ్యా" అంది మెల్లగా. పైటచెంగు తడిపి బొమ్మ మీద పరిచింది. జిగురు నానేదాకా కదలకుండా కూర్చుంది. అంచు లేచాక, కొస కూడా చిరగకుండా కాగితం ఊడదీసి, కళ్లకద్దుకుని, గుట్ట మీద ఎత్తైన చోట ఆకు పరిచి పెట్టింది.

కింద మరమేకు కొత్తదానిలా మెరుస్తోంది. ఎవరూ ముట్టుకోలేదు కనుక ఎవరూ పాడుచేయలేదు. రెండు వేళ్లతో ఎడమకు తిప్పితే చాలు, వచ్చేసింది. మూత తెరవగానే రెండు సీతాకోకచిలుకలు, ఒకటి పసుపుపచ్చనిది, ఒకటి బూడిద రంగుది, రివ్వున లేచి వలయపురం వైపు ఎగిరిపోయాయి.

కాళమ్మ ఊరు చేరేసరికి యువరాణి మూడో గిన్నె పెరుగన్నం తింటోంది. రాజు శాసనపు రాతిపలకను గోడవైపు తిప్పి పెట్టించాడు. దాన్ని ఎటు తిప్పారో ఎవరూ గమనించలేదు. కొలువులోని కమ్మరిసాలకు కాళమ్మను పెద్దను చేస్తానన్నాడు.

"అలాగే మహారాజా. రేపొస్తా. కాదు, ఎల్లుండి" అని ఆమె ఇంటికి పోయింది.

మౌనాచారి గడప మీద కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "కాళీ, ఆ పెట్టెలో గుర్రం ఎక్కి పరిగెడుతుంటే నాకు ఒకటే గుర్తొచ్చేది. నువ్వు పుట్టిన వానాకాలం మనింట్లో పొయ్యిలోకి లేకపోతే వీధి చివరి పేరిందేవమ్మ గంపెడు బొగ్గులిచ్చింది. బదులుగా ఆవిడ కత్తిపీట తెచ్చుకుని, పదును పెట్టి ఇస్తానన్నా. రాచపనుల్లో పడి పదహారేళ్లు నెట్టుకొచ్చా" అన్నాడు.

రెండు పగళ్లు నిద్రపోయి లేచాక కాళమ్మ కొలిమి రాజేసింది. తండ్రి ఆ కత్తిపీట కత్తిని పట్టుకారుతో పట్టుకుంటే, ఆమె సుత్తి వేసింది. మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి కత్తిపీట మోసుకెళ్లి పేరిందేవమ్మ అరుగు మీద పెట్టారు.

"వచ్చావా మౌనం?" అంది ముసలావిడ. "నాకు పళ్లున్న రోజుల్లో తెస్తావనుకున్నా."

మౌనాచారి కత్తిపీటను ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ పీట మీద కాలు మోపి పొట్లకాయ కోసింది. చక్రాలు చక్రాలుగా ముక్కలు పళ్లెంలో రాలాయి. ఒక ముక్క ఎత్తి వెలుతుర్లో పట్టి చూసింది.

"బాగుంది. ఇక చెల్లిపోయిందిలే నాయనా. పిల్ల నిలబడలేకపోతోంది, కూర్చోబెట్టు" అంది.