కప్పతల్లికి చెంబెడు నీళ్ళు

ఆ రోజు మధ్యాహ్నం వరకు నాకు కప్పలంటే ఒట్టి అసహ్యమే. భయం లేదు.

మాది బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టరు. మా ఆయన శివాజీ గూడ్సు బండి లోకో పైలట్. లోకంలో మొగుళ్ళు చేపల్ని పెంచుకుంటారు, ఈయన గాజుపెట్టెలో డార్ట్ కప్పల్ని పెంచుతారు. బొటనవేలి గోరంతవి నాలుగు, నీలం ఒంటిమీద నల్లమచ్చలు. అడవిలోవైతే విషకప్పలట, ఇంట్లో పెంచినవాటికి విషం ఉండదట. ఉంటేనేం, లేకపోతేనేం, మూత తీస్తే కుళ్ళిన నాచు వాసన, వాటి మేతకని పెంచే ఈగల వాసన. ఆ పెట్టె కడిగిన రోజు నాకు అన్నం సయించదు.

పొద్దున డ్యూటీకి వెళ్తూ అప్పగింతలు పెట్టారు. "వేడి ఇరవయ్యారు దాటకూడదు. తేమ ఎనభైకి తగ్గకూడదు. రెండు గంటలకోసారి నీళ్ళు చల్లు. అమ్మకి వడదెబ్బ తగలనీకు. ధ్యాన్ సే, జాగ్రత్త." కప్పల తర్వాతే అమ్మ!

ఒంటిగంటకి కరెంటు పోయింది. బయట నలభై ఆరు డిగ్రీలు. కూలరు ఆగిపోయింది. ఇన్వర్టరు మీద నడిచేది కప్పల పెట్టె ఫ్యాను ఒక్కటే, అదీ ఆయన చేసిన ఏర్పాటే. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అత్తగారు లక్ష్మీనరసమ్మ మంచం మీద విసనకర్రతో ఆయాసపడుతోంది. పెట్టెలో వేడి చూపే ముల్లు ఇరవై తొమ్మిది మీద ఉంది. నేను తిట్టుకుంటూ పిచికారీ కొడుతున్నాను.

"ఏటి సేస్తన్నావే?"

"కప్పలకి నీళ్ళు చల్లుతున్నానత్తయ్యా."

"కప్పతల్లికి అలాగ తుంపర్లు కొడతారేటి? సెంబుతో పొయ్యాల."

వాళ్ళ ఊళ్ళో వానలు పడకపోతే కప్పని రోకలికి కట్టి, పసుపు, వేపాకు పెట్టి చెంబుతో నీళ్ళు పోసేవారట. తర్వాత నీటిలో వదిలేసేవారట. ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళయినా ఆవిడకి కప్ప అంటే కప్పతల్లే. నవ్వుకుని, పెట్టె చల్లబరచడానికి ఐసు సీసా కోసం వంటింట్లోకి వెళ్ళాను.

వచ్చేసరికి మూత తీసి ఉంది, పక్కన అత్తయ్య ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. పెట్టెనిండా పసుపునీళ్ళు. మూడు కప్పలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

"నాలుగోదేదత్తయ్యా?"

ఆవిడ నోరు గట్టిగా మూసుకుని నన్నే చూసింది. గడ్డం కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. గుటకేసి గుసగుసగా అంది.

"వదిలీయాలే… వదలకపోతే… నీళ్ళు పోసినోళ్ళని పట్టుకుంటాది."

మంచం మీద పడుకోబెట్టాను. ఒళ్ళంతా తడి. తువ్వాలుతో తుడిచాను. మళ్ళీ తడి. చెమట కాదు… జిగట. నా వేళ్ళకి తీగల్లా సాగింది. అదే నాచు వాసన. పెట్టెలోని తేమ మీటరు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. తొంభై ఎనిమిది.

అప్పుడు ఆవిడ తన మోచేతి దగ్గర చర్మం పట్టుకుని లాగింది. పల్చటి పొరలా ఊడొచ్చింది. నోట్లో పెట్టుకుంది. మింగుతుంటే… కళ్ళు రెండూ లోపలికి దిగిపోయాయి. కప్పలు మింగేది అలాగేనని మా ఆయన ఒకసారి నన్ను పిలిచి మరీ చూపించారు.

పరుగెత్తి సింకులో కక్కుకున్నాను.

"ఆరిపోతన్నానే… నీళ్ళు పొయ్యే…"

పోయకపోతే ఊపిరి ఆగిపోతోంది. పోస్తే మళ్ళీ ఆడుతోంది. ఈ మనిషి నా చేతుల్లో పోతే ఆయనకి ఏం చెప్పను? ముక్కు మూసుకుని చెంబు మీద చెంబు పోశాను. మూడు బాల్చీలు అయిపోయాయి.

"వదిలీయే… నీటిలో…"

మే నెలలో మా ఊరి అర్పా నదిలో ఇసుక తప్ప ఏముంది? చంకల కింద చేతులు పెట్టి లేపి, బాత్రూంలో నీళ్ళ డ్రమ్ము దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. నా అరచేతులకి ఆవిడ చర్మం అంటుకుని వచ్చింది. డ్రమ్ములోకి తనే దిగింది. కళ్ళు మాత్రం పైకి ఉంచి కూర్చుంది. ఊపిరి ఆడుతోంది, అంతే చాలనుకున్నాను. తలుపేసి బయటే కూర్చున్నాను. గంటసేపు కదల్లేదు.

ఐదింటికి ఫోను మోగింది. ఆయన డ్యూటీ దిగి కట్నీలో రన్నింగ్ రూముకి, అంటే బండి డ్రైవర్లు పడుకునే గదికి చేరారట. అది ఇక్కడికి రైల్లో ఐదారు గంటల దూరం.

"కప్పలు బాగున్నాయా?"

"బాగున్నాయి," అని అబద్ధమాడాను.

"అచ్ఛా. ఓసారి అమ్మకియ్యి."

బాత్రూం తలుపు తీశాను. డ్రమ్ములో నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. అత్తయ్య లేదు. నేల మీద చుక్క తడి లేదు.

"ఉషా? ఏటి, మాట్లాడవేం?"

డ్రమ్ములో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమాను.

"ఒక్క నిమిషం, ఎవరో తలుపు కొడతన్నారు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. గడియ తీసిన చప్పుడు.

"అమ్మా…? ఇంత దూరం ఒక్కద్దానివీ ఎలాగొచ్చేవు? ఒళ్ళంతా ఏటిది… జారిపోతంది…"

ముట్టుకోవద్దని గొంతు చించుకుని అరిచాను. ఆయనకి వినపడలేదు. "నీళ్ళు పొయ్యిరా…" అని అత్తయ్య గొంతు. ఫోనులో కుళాయి తిప్పిన చప్పుడు, బాల్చీ నిండుతున్న చప్పుడు వినిపించాయి.