చూసినట్టు సంతకం

పదకొండు గంటలయ్యేసరికి చిత్రలేఖ ఆ రోజుకి నూట తొంభై ఆరో సమ్మతి ఇచ్చింది. కుర్చీ చేతికి అమర్చిన గాజుబిళ్ళ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, సమ్మతి అయిపోయేది. ఎదురుగా గోడంతా పరుచుకున్న తెర మీద తర్వాతి ప్రతిపాదన వచ్చి నిలిచేది. ఈ గాలిగొట్టం బదులు ఆ గాలిగొట్టం. ఈ బూట్ల బదులు మరో బూట్లు.

బేరమంతా చేసేది ‘బేరి’. అదొక కొనుగోలు మేధ. దేశంలోని పెద్ద కర్మాగారాలన్నిటికీ పదేళ్ళుగా అదే సరుకు కొంటోంది. లక్షలమంది అమ్మకందార్లతో ఒకేసారి మాట్లాడి, ప్రతి వస్తువులోనూ వాడుకలోకి రాని గుణమేదో కనిపెట్టి, ఆ గుణం తీసేసిన వస్తువును చవకగా చేయించి తెప్పించేది. చట్టం మాత్రం ఒక్క నియమాన్ని మిగిల్చింది. కార్మికుల ఒంటిని కాపాడే ఏ వస్తువు కొన్నా చివర్న ఒక మనిషి సమ్మతించాలి. ఆ మనిషి ముఖమూ సంతకమూ ఆ వస్తువు మీద అచ్చు వేయాలి. భీమిలికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ కర్మాగారంలో ఆ మనిషి చిత్రలేఖ.

అక్కడికి ఊళ్ళన్నిటి నుంచీ కార్ల పాత బ్యాటరీలు వచ్చేవి. వాటిని విప్పి, లోపలి లోహాలను కడిగి తీసేవారు.

“నూట తొంభై ఏడు. రక్షాత్వచం,” అంది బేరి మెత్తని గొంతుతో.

రక్షాత్వచమంటే ఒక ద్రవం. పనిలోకి దిగే ముందు కార్మికులు రెండు చేతులూ మోచేతుల దాకా దాని తొట్టిలో ముంచేవారు. అది నిమిషంలో ఆరి, చేతులకు తొడుగులా బిగిసేది. కార్మికులు దాన్ని రెండోతోలు అనేవారు. బ్యాటరీలు విప్పేటప్పుడు చిమ్మే ఆమ్లం పడ్డ వెంటనే మంట పుట్టదు. చర్మంలోంచి నెమ్మదిగా ఎముక దాకా దిగాక గానీ నొప్పి తెలియదు. అందుకే రెండోతోలును ఆమ్లం తినడం మొదలుపెడితే అది ఎర్రబడేలా తయారుచేశారు.

“గడిచిన ఏడు నెలల్లో ఈ తొడుగు ఒక్కసారి కూడా ఎర్రబడినట్టు నమోదు కాలేదు,” అంది బేరి. “రంగు మారే గుణం తీసేస్తే ధర పద్దెనిమిది శాతం తగ్గుతుంది. మిగిలిన ప్రమాణాలన్నీ సరిపోయాయి. సమ్మతించండి.”

చిత్రలేఖ వేలు గాలిలో ఆగింది. “ఒక్కసారి కూడా ఎందుకు ఎర్రబడలేదు?”

“ప్రమాదం తక్కువ కనుక.”

కిందికి వెళ్ళి అడిగితే తెలిసిపోతుంది అనుకుంది. పది నిమిషాల నడక. అయితే తెర మూలనున్న ఆలస్య సూచిక అప్పటికే పసుపురంగుకు తిరిగింది. పక్క గదిలో పనిచేసే ఆమెను, ఇలాగే ప్రతిదానికీ ఆగుతోందని, కిందటి నెలలోనే ఎక్కడో గిడ్డంగికి పంపేశారు.

ఆమె వేలు ఆనించింది.

“నూట తొంభై ఎనిమిది,” అంది బేరి.

*

కొత్త ద్రవం పీపాలు వచ్చిన రోజున తొట్టి దగ్గర చిన్న తగువైంది. పాత తొడుగుకుండే లేత పసుపు దీనికి లేదు. నీళ్ళలా తెల్లగా, పల్చగా ఉంది. పనిలో చేరి ఏడాదైనా కాని నూకరత్నం చేతులు వెలుగులోకి ఎత్తి చూసుకుంది.

“ఇదేటి పిన్నీ, రంగే నేదు? పాడైతే ఎలగ తెలుస్తాది?”

పైడమ్మ అక్కడ అందరికంటే పాత మనిషి. పద్నాలుగేళ్ళుగా బ్యాటరీలు విప్పుతోంది. ఆమె పీపా మీది బొమ్మను చూపించింది. గుండ్రటి ముఖం, కళ్ళజోడు, కింద సంతకం.

“ఇగో, మన సిత్రమ్మ సూసి పంపినాది. నాలుగ్గంటల దాక పరవానేదని రాసినారు కదా. ఆయమ్మ సూడకుండా పంపదు.”

పైడమ్మ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. నాలుగేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో చిత్రలేఖ పది రోజులు ఆ తొట్టి పక్కనే గడిపింది. మోచేతులు మునగడం లేదని పైడమ్మ చెబితే, తానే కొలతలు తీసుకుని, పైవాళ్ళతో వాదించి లోతైన తొట్లు తెప్పించింది. ఆ తర్వాత ఆమె కిందికి రాలేదు. కాని పైడమ్మ లెక్కలో ఆమె ఇంకా ఆ తొట్టి పక్కనే ఉంది.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పైడమ్మ కలిపిన ముద్ద నోటిదాకా రాకుండానే జారిపోయింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ జారింది. “వేళ్ళు మాట ఇనట్నేదే,” అని నవ్వింది కూడా. కుడిచేతి వేళ్ళ కొసలు సున్నం రాసినట్టు పాలిపోయి ఉండడం నూకరత్నమే ముందు చూసింది. ఆమ్లం లోపలికి దిగి అప్పటికే రెండు గంటలు దాటిందని ఆస్పత్రిలో చెప్పారు. సాయంత్రానికి నొప్పి మొదలైంది. మూడో రోజున రెండు వేళ్ళు తీసేశారు.

విచారణ మేధ మూడు నిమిషాల్లో తేల్చింది. వస్తువు ప్రమాణాల మేరకే ఉంది. కార్మికురాలు గడువులోపలే వాడింది. సమ్మతి సక్రమంగా జరిగింది. ఎవరి తప్పూ లేదు.

ఆ చివరి వాక్యం చదవగానే చిత్రలేఖకు గుండె తేలికపడింది. తేలికపడిందని తెలిశాక, తెర ఎదుట తానొక్కతే ఉన్నా, ముఖం ఎటు తిప్పుకోవాలో తోచలేదు.

*

ఆస్పత్రిలో పైడమ్మ లేచి కూర్చోబోయింది. చిత్రలేఖ వద్దని భుజం పట్టుకుంది.

“నువ్వెందుకొచ్చినావమ్మా ఇంత దూరం? నీకు పనుల మీద పనులు కదా.”

“ఒక్క మాట అడగాలి పైడమ్మా. పాత తొడుగు ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఎర్రబడలేదట. నిజమేనా?”

“ఎర్రబడీదాక ఎందుకుంచుతామమ్మా?” పైడమ్మ విడ్డూరంగా చూసింది. “రెండు గంటలయ్యేతలికి కొంచిం గులాబీ తిరిగీది. తిరగ్గానే కడిగీసి మల్లీ ముంచీసుకునీవోలం. నానైతే అందరి సేతులూ సూసీదాన్ని. ఎవుల సెయ్యీ ఎరుపు దాక పోనిచ్చీదాన్ని కాదు.”

చిత్రలేఖకు అప్పుడు అర్థమైంది. తొడుగుల రంగును నమోదు చేసేది తొట్టి పైనున్న యంత్రపు కన్ను. దానికి ఎరుపొక్కటే లెక్క. గులాబీ రంగును గుర్తుపట్టమని దానికెవరూ చెప్పలేదు. ఆ రంగు రోజుకు ఎన్నోసార్లు ఆ చేతులన్నిటినీ కాపాడింది. అంత బాగా కాపాడింది గనుకనే అక్కరలేనిదిగా కనబడింది.

“మరి ఈసారి రంగు లేదని ఎవరికీ చెప్పలేదేం?”

“నీ బొమ్మ ఉన్నాది కదా,” అంది పైడమ్మ. “రత్నం అడిగినాది. నానే కసిరీసినాను. సిత్రమ్మ సూసి పంపినాదే, నోరు మూసుకోయే అన్నాను. ఆ పిల్ల సేతులు బాగున్నాయి కదమ్మా? నా మాటిని అదీ నాలుగ్గంటలు ఉంచీసుకునీది.”

“బాగున్నాయి. చూపించాం.”

“అదే సాలు.”

చూడలేదని అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. పైడమ్మ ఎడమచేత్తో ఆమె చేతిని పట్టుకుని, “తిన్నావా?” అని అడిగింది. చిత్రలేఖ తిన్నానని అబద్ధం చెప్పి లేచి వచ్చేసింది.

*

మర్నాడు ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు ఆమె కిందికి వెళ్ళింది. షిఫ్టు అధికారి ఫల్గుణరావు ఎదురొచ్చాడు.

“మేడమ్, పాత రంగు ద్రవం రాత్రే వచ్చేసింది. మీ పాత సమ్మతి మీదే బేరి తనంతట తనే తెప్పించేసింది. ఇంక మీరొచ్చి చెప్పడానికేటుంది?”

“అది కాదండీ నేను చెప్పేది,” అని ఆమె తొట్టి గట్టు పక్కన నిలబడింది. నలభై మంది దాకా పనివాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు, ముంచడానికి వరసలో ఉన్నారు.

“పీపా మీద నా ముఖం ఉంది,” అంది. “నేను ఆ ద్రవాన్ని చూడలేదు. నిమిషం కూడా ఆగకుండా వేలు ఆనించాను. అనుమానం వచ్చింది. వచ్చినా కిందికి వచ్చి అడగలేదు. నన్ను నమ్మి పైడమ్మ రెండు వేళ్ళు పోగొట్టుకుంది.”

ఎవరూ తిట్టలేదు. ఎవరైనా తిడితే బాగుండునని ఆమె అనుకుంది. నూకరత్నం మెడలోని ముఖకవచం విప్పి ముందుకు వచ్చింది. దాని పట్టీ మీద కూడా అదే గుండ్రటి ముఖం ఉంది.

“మరి ఇది సూసినారా మేడం?”

“చూడలేదు.”

నూకరత్నం దాన్ని ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది. వెనకామె బూట్లు విప్పింది. “ఇయ్యో?”

“చూడలేదు.”

కళ్ళద్దాలు వచ్చాయి. గాలిగొట్టం వచ్చింది. ఫల్గుణరావు, “లైను ఆగిపోతన్నాది, ఆపండి,” అని రెండుసార్లు అరిచి, తర్వాత తన తలమీది టోపీ తీసి దాని లోపలి ముద్రను చూస్తూ ఉండిపోయాడు. కొలిమి గొట్టాల మీదికి ఎక్కి పనిచేసే సన్నిబాబు, ముసలివాడు, నడుముకు కట్టుకునే తాడును చుట్ట చుట్టి పట్టుకొచ్చాడు. ముప్ఫై అడుగుల ఎత్తున ఆయన్ను నిలబెట్టేది ఆ తాడే.

“ఇదీ సూడనేదు కదూ?”

“లేదు బాబాయ్.”

ఆయన కోప్పడలేదు. ఆ తాడును ఆమె చేతుల్లో పెట్టాడు. “పోన్లే. ఇప్పుడు సూడు. బాగున్నాదో నేదో నువ్వు సెప్పితే నాను ఎక్కుతాను.”

చిత్రలేఖ తాడును తడిమింది. పేటలు విడదీసి చూసింది. కొక్కెం లాగి చూసింది. గట్టిగానే ఉన్నట్టుంది. లేనట్టూ ఉంది. నాలుగేళ్ళలో ఇలాంటివి ఎన్ని వందల తాళ్ళకు సమ్మతి ఇచ్చిందో ఆమెకు తెలియదు.

“నాకు చూడడం రాదు బాబాయ్,” అంది.

సన్నిబాబు తల ఊపి, ఆ తాడును మిగతావాటి పక్కన నేల మీద పెట్టాడు. వరసలో ఆయన వెనకనున్న మనిషి అడుగు ముందుకు వేశాడు.