సైకిలుకి కట్టిన గుడ్డపీలిక

సాయంత్రం లాండ్రీ నుంచి బయటికి వచ్చేసరికి ఆమె సైకిలుకి దీపం లేదు. దీపం ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డపీలిక ఒకటి ముడివేసి ఉంది. దాని మీద చెరగని సిరాతో నలభై ఏడు అని అంకె.

ఆమె చుట్టూ చూసింది. నాలుగైదు కార్ఖానాలకు కలిపి ఒకటే సైకిల్ స్టాండు. తడుస్తున్న సైకిళ్ళు తప్ప మనిషన్నవాడు లేడు.

"తాతా, ఇదేమిటో చూడు!"

గేటు దగ్గర వాచ్‌మన్ తాత పీలికను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తనకు తెలియని సంగతి లోకంలో లేదని ఆయన నమ్మకం.

"దొంగల గుర్తమ్మా ఇది. ముందు గుర్తు పెట్టుకుంటారు. తర్వాత ఒక్కొక్కటే పట్టుకుపోతారు."

"నలభై ఏడేమిటి మరి?"

"నీకు ముందు నలభై ఆరు సైకిళ్ళు చేసుంటారు."

ఆమె పీలికను తెంపి మురిక్కాలవలోకి విసిరేసింది. మర్నాడు గంట పోయింది. హ్యాండిల్‌కు మళ్ళీ గుడ్డపీలిక. మళ్ళీ నలభై ఏడే!

ఇంటి దగ్గర నాన్న చెక్క చిత్రిక పడుతూ విన్నాడు. ఆయన వడ్రంగి. ఆ సైకిలు పాతది కొని, ప్రతి సామానూ వెతికి తెచ్చి, స్వయంగా బిగించాడు.

"ఇంకొక్కటి పోయిందంటే ఆ పని మానెయ్. ఇంట్లో కూర్చుని కుట్టుకో. ఇవాళ గంట, రేపు సైకిలు, ఎల్లుండి ఆ చీకట్లో నీకేమన్నా అయితే?"

"నాన్నా, ఒక్క గంటకే..."

"ఒక్కటంటే ఒక్కటే. చెప్పానంతే."

ఆమె లాండ్రీలో చేరి మూడు వారాలే అయింది. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లలో చిరిగినవి ఉతికాక మేడ మీదికి వస్తాయి. ఆమె వాటికి రఫ్ఫు చేస్తుంది. కిటికీ పక్క కుర్చీ, తనదంటూ ఒక కత్తెర, మధ్యాహ్నం పక్క మిషన్ల వాళ్ళతో నవ్వులు. ఇంట్లో కుట్టినన్నాళ్ళూ "కాస్త ఆ పొయ్యి చూడు" అన్న కేక వినకుండా ఒక్క అంచూ పూర్తి కాలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే వెళ్ళాలా?

మూడో రోజు సైకిలుకి గొలుసు వేసి రెండు తాళాలు బిగించింది. గాలి పంపు విప్పి సంచిలో పెట్టుకుంది. ఇంకేం మిగిలిందని పోవడానికి?

మెట్ల దగ్గర గుర్తులబ్బాయి ఎదురొచ్చాడు. కింద కౌంటర్లో బట్టలు దించుకుని గుర్తులు వేసేది అతనే. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. నిన్న తను వదిలేసిన గొడుగు అతని వెనకాల గోడకి ఆనించి ఉంది.

"మీది... తీసుకెళ్ళరా?" అన్నాడు చివరికి.

"సాయంత్రం తీసుకుంటాలెండి. మీ దగ్గరే ఉండనివ్వండి."

గొడుగు గురించి అడిగితే మనిషి ముఖం అంత వెలిగిపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, ఆ రోజు ఒకే దుప్పటికి రెండుసార్లు రఫ్ఫు చేసింది.

సాయంత్రం గొలుసు ఉంది. తాళాలు రెండూ ఉన్నాయి. సీటు లేదు. ఇనపగొట్టానికి నలభై ఏడు రెపరెపలాడుతోంది.

సీటు లేని సైకిలు తొక్కలేక, తాత ఫోన్లోంచి నాన్నకు చేసింది. ఏమీ జరగనట్టు చెప్పబోయి ఏడ్చేసింది. నాన్న అరగంటలో వచ్చాడు. వచ్చీ రావడమే పీలిక తెంపి, దాంతో నేరుగా లాండ్రీ కౌంటరు దగ్గరికి నడిచాడు. వెనకే ఆమె, ఆమె వెనక తాత.

"ఇక్కడ పెద్దవాళ్ళెవరు? మా అమ్మాయి సోమవారం నుంచి పనిలోకి రాదు. ఇదిగో, మీ దగ్గర దొంగలు చేస్తున్న నిర్వాకం!" అంటూ పీలికను బల్ల మీద కొట్టాడు.

కౌంటర్లో గుర్తులబ్బాయి ఒక్కడే ఉన్నాడు. పీలిక తీసుకున్నాడు. అంకె చూశాడు. అలవాటు చొప్పున వెనక్కి తిరిగి, నలభై ఏడో అరలోంచి కాగితం చుట్టిన మూడు పొట్లాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

దీపం. గంట. సీటు. మూడూ తుడిచి తళతళలాడుతున్నాయి.

"ఒకసారి సరిచూసుకుని ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. అన్నాక తలెత్తి ఆమెను చూసి బిగుసుకుపోయాడు.

"తాతా, దొంగలు సంతకాలు కూడా పెట్టించుకుంటారా?" అన్నాడు నాన్న తెల్లబోయి.

"నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు తాత.

"నేను దొంగని కాదండీ. స్టాండులో ఈ నెల నాలుగు దీపాలు పోయాయి. రెండు సీట్లు పోయాయి. నా దీపమూ పోయింది. అందుకని పొద్దున్నే మీవి విప్పి లోపల పెట్టి, గుడ్డ చీటీ కట్టాను. ఏ బట్టకైనా అంతే కదా, చీటీ తెస్తే సామాను ఇచ్చేస్తాం."

"నాకా సంగతి ఎలా తెలుస్తుంది?" అంది ఆమె. "బట్టలు మేడ మీదికొచ్చేసరికి చీటీలుండవు. మూడు వారాల్లో ఒక్కటంటే ఒక్కటి చూళ్ళేదు నేను!"

అతను నుదురు కొట్టుకున్నాడు. "ఉండవు. ఉతికాక నేనే విప్పేస్తాను."

"మరి నోరేమైంది? చెప్పొచ్చుగా?"

"చెబుదామనే రోజూ మెట్ల దగ్గరికి వచ్చాను. పొద్దున మీరు మీ దగ్గరే ఉండనివ్వండి అన్నారు కదా! అంత నమ్మకమా అనుకుని... సీటు కూడా తెచ్చి పెట్టాను."

"నేనన్నది గొడుగు గురించి!"

"గొడుగా?" అతను ఆమెకేసీ, గోడ పక్కన గొడుగుకేసీ మార్చి మార్చి చూశాడు.

తాత ముందుకు వంగాడు. "అబ్బాయ్, నాదీ అక్కడే పెడతాను. నా గంట పోయి పదిరోజులైంది. నా సైకిలేం పాపం చేసిందిరా?"

గుర్తులబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఉన్నట్టుండి సీటు మీద లేని దుమ్ము దులపడం మొదలుపెట్టింది. నాన్న ఇద్దర్నీ చూసి, కొలత తప్పిన చెక్కను చూసినట్టు కళ్ళు చికిలించాడు.

"సరే, నడు ఇంటికి."

"వస్తాను నాన్నా. కానీ సోమవారం పనిలోకి వెళ్తాను." సీటు ఎత్తి నాన్న చేతిలో పెట్టింది. "ఇంకొక్కటి పోతే మానెయ్ అన్నావు. పోయిందేదీ లేదు. ఆ కుర్చీ నాకు కావాలి."

"దొంగలు నిజంగానే ఉన్నారంటున్నాడుగా?"

"ఉన్నారు. సోమవారం నుంచి దీపం, గంట నేనే విప్పి ఈయన చేతికిస్తాను. సాయంత్రం అడిగి తీసుకుంటాను." తర్వాత అతనికేసి తిరిగింది. "నోటితో అడుగుతాను. మీరూ నోటితోనే జవాబు చెప్పండి."

"చెబుతానండీ" అన్నాడతను. చెప్పిన తీరు చూస్తే, ఏదడిగినా అదే చెప్పేలా ఉన్నాడు.

నాన్న సీటు చంకన పెట్టుకుని స్టాండుకు నడిచాడు. గుర్తులబ్బాయి స్క్రూడ్రైవరుతో పరుగెత్తి వచ్చాడు. గంట తలకిందులుగా బిగించాడు. విప్పి మళ్ళీ తలకిందులుగానే బిగించాడు.

"జరుగు బాబూ" అని నాన్న తానే కూర్చున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి. ఆమె గొడుగు విప్పి నాన్న మీద పట్టింది. ఎలా వంగిందో ఏమో, సగం అతని మీదా పట్టింది.

"దీపం కాస్త వదులుగా ఉందండీ" అన్నాడతను గొడుగు కింద నుంచి. "రేపు ఆదివారం. మీకు అభ్యంతరం లేకపోతే, ఇంటికొచ్చి బిగిస్తాను. స్క్రూడ్రైవరు తెస్తాను."

నాన్న దీపాన్ని కదిపి చూశాడు. అది అంగుళం కూడా కదలలేదు. కూతురి ముఖం చూశాడు. ఆమె అప్పటికే గేటుకేసి చూస్తోంది.

"నేను వడ్రంగిని. ఇంటి నిండా స్క్రూడ్రైవర్లే" అన్నాడు లేచి చేతులు తుడుచుకుంటూ. "నువ్వు ఊరికే రా."