చచ్చిన కేబుల్‌కు చెవులు

డొలోన్ కనుమ మలుపులో మూడో జీపు కూడా కాలిపోయింది. అందులో ఉన్న ఏజెంట్లు కూడా కాలిపోయారు.

ఏ దారిన వెళ్ళాలో జీపు ఎక్కేదాకా డ్రైవరుకే తెలీదు. ఫోన్లు లేవు, రేడియో లేదు. అయినా కొండమీద తుపాకులు కాచుకుని ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, బిష్కెక్ గూఢచారి ఆఫీసులో అందరూ ఒకర్నొకరు అనుమానించుకుని, చివరికి టీ పోసే ముసలాయన్ని లాకప్పులో వేశారు. పాపం, ఆయనకు చెవుడు.

ఊపిరితిత్తులు పాడై రిటైరైన ఏజెంట్ షేర్‌గాజీని అందుకే మళ్ళీ పిలిపించారు. జనరల్ ఒమూర్‌బెక్ కుర్చీ కూడా చూపించలేదు.

"నాలుగో బండి. బొగ్గు లారీ. ఇవాళ మధ్యాహ్నం కనుమ ఎక్కుతుంది."

"లోపల ఎవరు?"

"అసన్‌గాజీ."

షేర్‌గాజీకి ఈ విద్య చెయ్యిపట్టి నేర్పినవాడు అసన్‌గాజీ. సరిహద్దు అవతల శత్రువుల ముఠాలో ఏళ్ళ తరబడి ఉండి, వాళ్ళ మనుషుల పేర్లన్నీ బుర్రలో పెట్టుకుని ఇప్పుడు ఇంటికి వస్తున్నాడు.

"ఆపించండి సార్!"

"ఎలాగయ్యా? రేడియో పెట్టొద్దన్నది నేనే. బయల్దేరిపోయాడు."

"మరి నేనెళ్ళి చేసేదేముంది?"

"శవాన్నైనా తెచ్చుకోవద్దూ?" అన్నాడు జనరల్, కళ్ళెత్తకుండా. "కనుమ కింద పాత టెలిఫోన్ రిపీటర్ స్టేషన్లో కలీచా అని మన మనిషి ఉంది. కోడ్‌వర్డ్, 'పశువులూ ప్రాణాలూ క్షేమమేనా?'"

"సార్, మన దేశంలో ప్రతివాడూ ప్రతివాణ్ణీ పలకరించేది ఆ మాటతోనే!"

"అందుకేగా ఎవరికీ అనుమానం రాదు!"

ఇలాంటి బుర్రలున్న ఆఫీసును ముంచడానికి శత్రువులు ఎందుకు? కాపాడాలంటే దేవుడే దిగిరావాలి. షేర్‌గాజీ గొర్రెలకాపరి వేషం కట్టి, తెల్ల కంబళి టోపీ పెట్టుకుని, దారిలో టీ కొట్టు దగ్గర దిగి స్టేషన్ ఎక్కడని వాకబు చేశాడు. కోడ్‌వర్డ్‌కు అక్కడ ముగ్గురు జవాబిచ్చారు. ఒకాయనైతే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, జబ్బు చేసిన పొట్టేలును చూపించాడు.

కలీచా మాత్రం కోడ్ దాకా రానివ్వలేదు. నక్కతోలు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్, వేళ్ళ మధ్య సిగరెట్. పైకి విదేశీ భూకంప పరిశోధన సంస్థలో ఇంజనీరు. లోపల ఇటు ఆఫీసుకూ పనిచేస్తుంది, అటు ముఠాకూ పనిచేస్తుంది.

"ఆలస్యంగా వచ్చావన్నా," అంది. "నీ ఇంటిదొంగ ఇదిగో." బల్లమీద చిన్న పెట్టె. దాని తెరమీద సన్నటి గీతలు పాకుతున్నాయి. పెట్టెలోంచి ఒక నల్ల కేబుల్ నేలలోకి దిగింది.

"అది చచ్చిన పాత టెలిఫోన్ ఫైబర్ కదా?"

"పాతికేళ్ళ ఆయుష్షన్నారు, తీరిపోయింది. కొత్తది పడింది. ఇందులో ఉన్నది రాగి కాదు, గాజు, పాతసామాన్లవాడు కూడా ముట్టుకోలేదు. బయటపడ్డ ముక్కలతో జనం దొడ్లకు కంచెలు కట్టుకున్నారు. రోడ్డు పక్కన పాతిపెట్టి ఉన్నదాన్ని భూకంపాల పేరు చెప్పి మా సంస్థవాళ్ళు అద్దెకడిగితే, మీ ఆఫీసే సంతకం పెట్టింది."

"భూకంపాలకేగా?"

"నేల అదిరితే గాజు అదురుతుంది. లోపలికి వెలుగు పంపి, తిరిగొచ్చేదాన్ని ఈ పెట్టె చదువుతుంది. చక్రం కదిలినా తెలుస్తుంది, అడుగు పడినా తెలుస్తుంది."

"రోజూ ఇన్ని లారీలు పోతాయి. మాది ఏదో ఎలా తెలుసు?"

కలీచా నవ్వింది, కళ్ళు మాత్రం నవ్వలేదు. "అదిగో, దిగువన మజార్. కనుమ ఎక్కేముందు ఆ బాబా సమాధి దగ్గర ఆగని కిర్గిజ్ డ్రైవరున్నాడా? తప్పతాగినవాడైనా ఆగుతాడు. తలుపు తీసి, దిగి, అరచేతులు మొహానికి రాసుకుని మరీ పోతాడు. ఎక్కడా ఆగొద్దని ఆర్డరున్న బండి ఒక్కటే ఆగకుండా పోతుంది."

షేర్‌గాజీకి తెలుసు. ఆ రూలు పెట్టింది అసన్‌గాజీయే. దారిలో తండ్రి పిలిచినా ఆగకురా అని నేర్పింది ఆయనే.

"కేబుల్ కోసేస్తాను."

"కోస్తే తెరలు ఆరిపోతాయి. అప్పుడు కనపడ్డ ప్రతి లారీనీ కాలుస్తారు. నేను అబద్ధం చెబుదామన్నా, ఇదే బొమ్మ కొండమీద వాళ్ళకూ కనపడుతుంది."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావ్?"

ఆమె సిగరెట్ నలిపేసింది. "మూడో జీపులోంచి ఒకడు దూకి పరిగెత్తాడన్నా. ఇక్కడే కూర్చుని విన్నాను. ఆ అడుగులు ఆగిపోవడమూ విన్నాను. నాకు నిద్ర లేదు."

దూరంగా రోడ్డు మొదట్లో బరువైన గీత ఒకటి తెరమీద మొలిచింది. బొగ్గు లారీ.

షేర్‌గాజీ బయటికి పరిగెత్తాడు. దగ్గుతూ, ఉమ్ముతూ, తిట్టుకుంటూ వాలు దిగాడు. మజార్ పైన గట్టుమీద ఎండాకాలపు మేత ముగించుకుని ఒక గొర్రెలమంద దిగుతోంది. వెనక గాడిదమీద ఒక ముసలమ్మ, పేరు బాత్మా.

"పెద్దమ్మా! మందను రోడ్డుకు అడ్డం తోలు!"

"నీకేం పుట్టిందిరా? లారీవాడు తొక్కించుకుపోతే నువ్వు ఈనుతావా నాకు గొర్రెల్ని?"

"ఆ లారీని ఆపాలమ్మా. ఆగకపోతే లోపలున్న మనిషిని పైన కాల్చేస్తారు."

"ఎవరు నీకు?"

"తండ్రిలాంటివాడు."

"ఆ ముక్క ముందు ఏడవొద్దూ!" అంటూ ఆమె గాడిద డొక్కలో మడమతో పొడిచి, పిట్టలు లేచిపోయేలా ఈల వేసింది.

మలుపు తిరిగిన లారీకి ఎదురుగా ఉన్ని సముద్రం. బ్రేకులు కీచుమన్నాయి. మొదటి పొట్టేలు ముక్కుకు జానెడు దూరంలో బంపర్ ఆగింది. ఆగింది సరిగ్గా మజార్ ముందు.

డ్రైవర్ తలుపు తీసి దూకాడు. "ఏయ్ ముసలీ! రోడ్డు నీ అబ్బ సొమ్మా?"

"కాదురా, నీ అబ్బది! బాబా ముందు హారన్ కొడతావా, సిగ్గులేనోడా?"

రెండో తలుపు తెరుచుకుంది. చిక్కి సగమైన అసన్‌గాజీ దిగాడు. సమాధి వైపు చూశాడు. తన రూలు తనే మరిచి, రెండు చేతులూ మొహానికి రాసుకున్నాడు. మందలో నిలబడ్డ షేర్‌గాజీ టోపీ కళ్ళమీదికి లాక్కుని ఏడ్చాడు. పలకరించే వీల్లేదు.

లారీ మళ్ళీ కదిలి కనుమ ఎక్కింది. అది మలుపు దాటేదాకా షేర్‌గాజీ మందలోనే నిలబడి చూశాడు. కొండమీద ఒక్క తుపాకీ పేలలేదు. వాళ్ళ తెరమీద అది మజార్ దగ్గర ఆగిన, దేవుడి భయమున్న ఎవరిదో బొగ్గు లారీ.

తిరిగి స్టేషన్‌కు వెళ్తే తలుపు బార్లా తెరిచి ఉంది. పెట్టె ఉంది. నేలమీద నక్కతోలు కోటు ఉంది. కలీచా లేదు. బయట మంచులో టైర్ల జాడ సరిహద్దు వైపు పోయింది. తనే పారిపోయిందో, ఎవరైనా ఈడ్చుకుపోయారో తెలీదు.

అసన్‌గాజీ చెప్పిన పేర్లతో వారంలో ముఠా మొత్తం దొరికింది, కలీచా తప్ప. ఆమె సంగతి అడిగితే జనరల్ భుజాలెగరేశాడు. "ఆడమనిషి కోసం సరిహద్దు దాటలేం. నువ్వో మంచి మాట విను. ఆ పెట్టె మన చేతికి చిక్కిందిగా! దేశమంతా పాత కేబులే. ఇక మనమే వింటాం."

"ఎవరిని సార్?"

"నడిచేవాళ్ళందర్నీ. ముందు రిటైరైన ఏజెంట్లతో మొదలుపెడదామనుకుంటున్నాం."

షేర్‌గాజీ సెల్యూట్ కొట్టి వీధిలోకి వచ్చాడు. కింద పాత కేబుల్ ఉందేమోనని ఫుట్‌పాత్ మీద కాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత ఎడమకాలు ఈడుస్తూ కుంటడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ మొహాలు మార్చి బతికాడు, చూస్తే ఇక నడకలు కూడా మార్చుకోవాల్సొచ్చేట్టుంది.